వాగు దాటినోళ్లకు రోడ్డు దాటరాదా?

(ఎండాకాలం పనులకు పట్నం పోయే కూలీలు, సంఘం కార్యకర్తలు కలిసి పెట్టుకున్న మీటింగులో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే, కొద్దిగా కుదించి వేస్తున్నాం.)



ఇవాళ నేను రోడ్డు దాటడం గురించి మాట్లాడతాను. వెనక కొందరు నవ్వుతున్నారు. నవ్వండి. "నడక నేర్పేటందుకు సారు వచ్చిండు" అనుకుంటున్నారు. నాకూ ఒకప్పుడు ఇది మాట్లాడాల్సిన సంగతి అనిపించలేదు.

ముందు వరుసలో మా చిన్నమ్మ కూచుంది. ఆమె కాలు ఎట్ల వంకరపోయిందో మీకందరికీ తెలుసు. 2012లో ఉప్పల్ దిక్కు బిల్డింగు పనికి పోయింది. గుడిసెలు రోడ్డుకు ఈ పక్క, అడ్డా ఆ పక్క. నడుమ ఆరు లైన్ల రోడ్డు. తెల్లారేసరికి అడ్డా మీద నిలబడకపోతే ఆ రోజు కూలి లేదు. ఒకనాడు చీకటితోనే టిఫిన్ డబ్బా పట్టుకొని దాటుతుంటే కారు గుద్ది, ఆగకుండా పోయింది.

నేను దవాఖానకు పోయేసరికి అక్కడ ఒకాయన అంటున్నాడు: "ఈ పల్లెటూరి బైతులకు రోడ్డు దాటడం రాదు." కాయితం మీద కూడా అదే మాట మర్యాదగా రాశారు: "అజాగ్రత్తగా రోడ్డు దాటుచుండగా" అని. గుద్దినవాడి అజాగ్రత్త గురించి ఒక్క ముక్క లేదు. నేను అప్పటికే సారును. మా ఇంట్ల మొదటి డిగ్రీ నాదే. ఆ కాయితం చదివి, చిన్నమ్మతో వేలిముద్ర వేయించింది కూడా నేనే. ఆ ఒక్క మాట ఆమెను ఏం చేస్తదో చదువుకున్న నాకు తెలియలేదు. ఆ తప్పు ఇవాళ మీ ముందర ఒప్పుకుంటున్నాను.

ఇంటికి వచ్చినంక చిన్నమ్మ నన్ను అడిగింది: "కొడుకా, నాకు దాటరాదా? వానాకాలం వాగు నెత్తి మీద గడ్డిమోపుతోటి దాటినదాన్ని గద!" ఆ ప్రశ్నకు జవాబే ఈ ప్రసంగం.

మనకు దాటడం వచ్చు. వాగు నేర్పిన విద్యే రోడ్డు మీద పనికొస్తది. ఒక్కొక్కటి చెప్తాను, పిల్లలు కూడా వినండి.

ఒకటి. వాగులో దిగేముందు నీళ్లు ఏ దిక్కు నుంచి వస్తున్నయో చూస్తాం. మన దేశంలో బండ్లు రోడ్డుకు ఎడమ పక్కన నడుస్తయి. కాబట్టి అంచు మీద నిలబడ్డప్పుడు మన మీదికి ముందు వచ్చే బండి కుడిచేతి దిక్కు నుంచి వస్తది. ముందు కుడికి చూడాలె. సగం దాటినంక ఎడమకు చూడాలె. అయితే వాగు ఎదురెక్కి పారదు గానీ పట్నంల మోటారు సైకిళ్లు, ఆటోలు రాంగ్ రూటులో ఎదురొస్తయి. అందుకే కుడి, ఎడమ, మళ్లీ కుడి చూసినంకనే కాలు కింద పెట్టాలె.

రెండు. పెద్ద వాగును ఒక్క ఊపులో దాటం. నడుమ బండ మీద ఆగి ఊపిరి పీల్చుకుంటాం. రోడ్డు నడుమ డివైడరే మన బండ. ఒక రోడ్డును రెండు రోడ్లు అనుకొని రెండుసార్లు దాటండి. కానీ కంచె ఉన్న చోట ఎక్కి దూకొద్దు. చీర కొంగు, సంచి కంచెకు తట్టుకుంటే బండి ముందరే పడతాం.

మూడు. ఎక్కడ పడితే అక్కడ వాగులో దిగం, రేవు దగ్గర దిగుతాం. రోడ్డుకు రేవు అంటే సిగ్నలు, తెల్లచారల గీతలు, సబ్‌వే. నూరడుగులు ఎక్కువ నడిచినా రేవుకే పోవాలె. ఇంకోటి, బస్సు దిగంగనే దాని ముందు నుంచి దాటొద్దు. బస్సును దాటుకొని వచ్చే బండికి మనం కనపడం, మనకు అది కనపడదు. బస్సు పోయినంకనే దాటండి.

నాలుగు. వాగు దాటేటప్పుడు చేతులు పట్టుకుంటాం. రోడ్డు మీద పిల్లల వేలు కాదు, మణికట్టు పట్టుకోండి. గుంపుగా ఉంటే ఒకరు చెప్పినట్టు అందరూ దిగాలె, లేకుంటే అందరూ ఆగాలె. సగం మంది ముందుకు ఉరికి, సగం మంది వెనక్కి ఉరికిన చోటనే చావులైతున్నయి.

ఐదు. చీకట్ల వాగు దాటం. కానీ అడ్డాకు చీకటితోనే పోవాలె. కాబట్టి తెల్ల తువ్వాలు కప్పుకోండి, సెల్లు లైటు వేసుకోండి. సెల్లు చెవి దగ్గర పెట్టుకొని మాత్రం దాటొద్దు. తాగి అసలే దాటొద్దు. ఈ మాట మగవాళ్లకు ప్రత్యేకంగా చెప్తున్నాను.

ఇప్పుడు కొంచెం లెక్క. నేను లెక్కల సారును కాను, అయినా ఈ లెక్క నేర్చుకున్నాను. మూడు లైన్ల సగం రోడ్డు సుమారు పదిన్నర మీటర్లు ఉంటది. మామూలు మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడిస్తే దాటటానికి 9 సెకన్లు కావాలె. ముసలమ్మకు, నెత్తి మీద బరువు ఉన్నామెకు ఇంకా ఎక్కువ. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ 9 సెకన్లలో 150 మీటర్లు వస్తది. దీపాల స్తంభాల నడుమ 30 మీటర్ల దూరం ఉందనుకుంటే, బండి ఐదు స్తంభాల అవతల ఉంటేనే దిగాలె. రెండో స్తంభం దగ్గర కనపడితే "ఆపుతడులే" అనుకోవద్దు. 60 వేగం మీద డ్రైవరు మనల్ని చూసి, బ్రేకు తొక్కి, బండి ఆగేసరికి సుమారు 45 మీటర్లు పోతది. 30 వేగం మీదనైతే 18 మీటర్లలో ఆగుతది.

ఇక్కడిదాకా మన జాగ్రత్త. ఇక్కడే ఆగిపోతే నేను కూడా ఆ దవాఖాన మనిషి మాటే మర్యాదగా చెప్పినట్టయితది.

వాగు పొంగితే వానను తిట్టలేం. రోడ్డు మీద వరదను పెంచింది మనుషులే కదా. రోడ్డు ఎంత వెడల్పు ఉండాలె, బండి ఎంత వేగం పోవాలె, గీతలు ఎక్కడ గీయాలె అన్నది ఆఫీసుల్లో కూచుని తీర్మానం చేస్తారు. ఆ తీర్మానం చేసేటోళ్లు కార్లల్ల పోతారు. నడిచేటోళ్లం మనం. 2022 ఒక్క సంవత్సరంలో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ లెక్క. అందులో 32,825 మంది నడిచి పోయేటోళ్లు. రోజుకు 90 మంది. ఇంతమందికీ దాటరాకనే చచ్చిపోయారా?

ఫుట్‌పాత్ సంగతి చూడండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో రాసిపెట్టిన పద్ధతి ప్రకారం ఫుట్‌పాత్ మీద నడవటానికి కనీసం 1.8 మీటర్ల ఖాళీ ఉండాలె. ఎత్తు 15 సెంటీమీటర్లకు మించరాదు. మీరు పట్నంల ఎక్కడన్నా అట్లాంటిది చూసినారా? మోకాలెత్తు గట్టు, దాని మీద ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన నిలబెట్టిన కార్లు. అప్పుడు మనం రోడ్డు మీదికి దిగుతాం. దిగితే "బైతు" అంటారు. కాదంటే పైవంతెన కట్టినం, ఎక్కి పోండి అంటారు. అది ఎక్కటానికి నలభై మెట్లు, దిగటానికి నలభై మెట్లు. సిమెంటు మోసి మోసి మోకాళ్లు అరిగిన మనిషి ఎక్కాలె, చల్లని కారులో కూచున్న మనిషి మాత్రం ఆగొద్దు!

ఈ "బైతు" అనే మాటకు పెద్ద చరిత్ర ఉంది. అమెరికాలో కార్లు రాకముందు వీధి అందరిదీ. కార్లు వచ్చి పిల్లల్ని, ముసలోళ్లని చంపుతుంటే జనం తిరగబడ్డారు. 1923లో సిన్సినాటి అనే పట్నంలో 42 వేల మందికి పైగా సంతకాలు పెట్టి, కార్లు గంటకు 25 మైళ్లు దాటకుండా యంత్రం బిగించాలె అన్నారు. మోటారు వ్యాపారులు డబ్బు పోసి ప్రచారం చేసి, ఓటింగులో దాన్ని ఓడగొట్టారు. తర్వాత నేరాన్ని నడిచేటోడి మీదికి తిప్పారు. "జేవాకర్" అనే మాటను ఊరూరా ప్రచారం చేశారు. అక్కడ "జే" అంటే పల్లెటూరి మొద్దు అని తిట్టు. అంటే మన బైతే! 1925లో లాస్ ఏంజిల్స్‌లో చట్టం కూడా చేశారు. ఆ చట్టం చివరికి ఎవరి మెడకు చుట్టుకుంది? న్యూయార్కులో 2023లో ఈ నేరం కింద ఇచ్చిన చీటీల్లో నూటికి 90కి పైగా నల్లవాళ్లకు, లాటినో జాతుల వాళ్లకే. 2024లో ఆ నగరం ఆ నేరాన్నే రద్దు చేసింది. తిట్టు ముందు వస్తది, చట్టం దాని వెనక వస్తది. అందుకే తిట్టును దిగమింగొద్దు.

రోడ్డు మీద నడిచే హక్కు మనకు ఎవరూ ఊరికే ఇయ్యలేదు. 1893లో కేరళలో అయ్యంకాళి మన బోటి వాళ్లకు నిషేధించిన రోడ్డు మీద ఎడ్లబండి తోలి పోయిండు. 1924లో వైకోంలో గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవటానికి 20 నెలలు సత్యాగ్రహం చేయాల్సి వచ్చింది. ఆ తర్వాత రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువులతో పాటు రోడ్లు అనే మాట కూడా రాసుకున్నాం. కులం పేరుతో రోడ్డు మీద ఎవరినీ అడ్డుకోరాదు. ఇవాళ కులం పేరు చెప్పి అడ్డుకోరు, హారన్ కొట్టి అడ్డుకుంటారు. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని 2025 మే 14న సుప్రీంకోర్టు చెప్పింది. సిగ్నలు లేని తెల్లగీతల దగ్గర డ్రైవరే వేగం తగ్గించి, ఆగి, నడిచేటోళ్లకు దారి ఇవ్వాలని 2017 డ్రైవింగు నిబంధనలు చెప్తున్నయి. ఇది వాళ్ల దయ కాదు, వాళ్ల బాధ్యత.

ఒక హెచ్చరిక. ఫుట్‌పాత్ కావాలె అనంగనే మున్సిపాలిటీ వాళ్లు ముందుగా మిర్చిబండి అక్కను, చెప్పులు కుట్టే తాతను లేపేస్తారు. వాళ్లు మనవాళ్లు. వాళ్ల కోసం 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది. ఫుట్‌పాత్ మీద నిలబెట్టిన కారును ముందు తీయించండి, తర్వాత మాట్లాడుదాం అనండి.

ఇంకో చేదు మాట. మన తమ్ముళ్లు మోటారు సైకిల్ ఎక్కంగనే దొరలైతున్నారు. నడిచే ముసలమ్మ మీదికి హారన్ కొట్టుకుంటూ పోతున్నారు, రాంగ్ రూటులో ఉరుకుతున్నారు. బండి ఎక్కినా నీ అవ్వ ఇంకా నడుస్తనే ఉంది తమ్మీ, మరువకు.

ఇప్పుడు సంఘం వాళ్లు రాసుకోండి. ప్రమాదం జరిగితే ఏం చేయాలె?

ముందు 108కి ఫోన్ చేయాలె. దెబ్బ తగిలిన మనిషిని దవాఖానకు తీసుకుపోయినోళ్లను సాక్ష్యం పేరుతో వేధించరాదని 2019 మోటారు వాహన చట్ట సవరణలో ఉంది, భయపడొద్దు. 2025 మే నుంచి ప్రమాదం జరిగిన 7 రోజుల దాకా, లక్షా 50 వేల రూపాయల వరకు, గుర్తించిన దవాఖానల్లో డబ్బు కట్టకుండా వైద్యం చేసే పథకం ఉంది. అడగండి.

బండి నంబరు రాసుకోవాలె. ఎఫ్ఐఆర్ నకలు తీసుకోవాలె. సంతకం పెట్టేముందు చదివించుకోవాలె. "అజాగ్రత్తగా దాటుచుండగా" అని ఉంటే, మనిషి ఎక్కడ దాటిండు, అక్కడ గీతలున్నయా, దీపాలున్నయా, బండి ఎంత వేగం వచ్చింది అన్నది కూడా రాయమని అడగాలె. ఎందుకంటే రేపు ఇన్సూరెన్సు వాళ్లు ఆ ఒక్క మాట చూపించి "తప్పు మీది కూడా" అని పైసలు కోస్తారు.

గుద్దిన బండి దొరికితే, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో కేసు వేయాలె. ఆరు నెలల లోపే వేయండి. పట్నం చుట్టూ తిరగక్కరలేదు, మనం ఉండే జిల్లా కోర్టులోనే వేయొచ్చు. గుద్ది పారిపోయిన బండి దొరకకపోతే, 2022 ఏప్రిల్ 1 నుంచి చావుకు 2 లక్షలు, పెద్ద గాయానికి 50 వేలు పరిహారం ఉంది. ప్రమాదం జరిగిన చోటి ఆర్డీఓకు గానీ తహసీల్దారుకు గానీ దరఖాస్తు పెట్టాలె. చిన్నమ్మ పడ్డనాడు ఈ పరిహారం 12,500 రూపాయలే. అది కూడా మేం తీసుకోలేదు. ఉందని మాకు చెప్పినోళ్లు లేరు, నేను తెలుసుకోలేదు.

ఆఖరుగా ఒక పని. పట్నం పోయే ప్రతి గుంపు, తాము దాటే రోడ్డు మీద ఎక్కడ గీతలు లేవో, ఎక్కడ దీపం వెలగదో, సిగ్నలు ఎన్ని సెకన్లు ఇస్తుందో ఒక నోటుబుక్కులో రాసుకొని రండి. రాయడం రానోళ్లు నాకు ఫోన్లో చెప్పండి, నేను రాస్తాను. అన్నీ కలిపి కార్పొరేషన్ ఆఫీసులో, ట్రాఫిక్ పోలీసు ఆఫీసులో ఇద్దాం, రసీదు తీసుకుందాం. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడుగుదాం. అప్పటికీ రాకపోతే, అడ్డా మీద కూలీలందరం ఒక పొద్దున తెల్లగీతల మీద చేతులు పట్టుకొని, మన నడకన మనం దాటుదాం. సిగ్నలు మనకు ఇచ్చినప్పుడే దాటుదాం. ఎంతసేపు పడుతదో వాళ్లు కూడా చూస్తారు.

చిన్నమ్మా, నీకు దాటడం వచ్చు. వాళ్లకు ఆగడం రాదు. అది వాళ్లకు నేర్పించాలె.

జై భీం.