మా సంఘం నడిచిన 852 కిలోమీటర్లు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు మాట్లాడిన మాటలు)

నేను పదో తరగతి వరకే చదివాను. మైకు ముందు అలవాటు లేదు, తప్పులుంటే సర్దుకోండి.

మా పెద్ద తోటికోడలు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోయింది. ముట్టు ఆగిపోయాక కూడా రక్తం కనపడేది. ఏడాది దాచుకుంది. మావి పక్కపక్క ఇళ్లు, అయినా నాకు చెప్పలేదు. ఆసుపత్రికి తీసుకుపోయేసరికి ముదిరిపోయింది.

తర్వాత నెల మీటింగులో, క్యాన్సర్ పరిశోధన కోసం నడిచి డబ్బు పోగు చేద్దామన్నాను. అందరూ నవ్వారు. "పొద్దున లేస్తే పొలానికి నడకే కదా, ఇంకా నడిచేదేంది?" అన్నారు. ఇంకొకామె, "పరిశోధన పెద్ద డాక్టర్ల పని, మనతో ఏమైతది?" అంది.

అప్పుడు మా ఏఎన్ఎం గారు ఒక సంగతి చెప్పారు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో 1999లో ఒక పరిశోధన మొదలైందట. 30 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లు 1,31,000 మందికి పైగా అందులో ఉన్నారు. కొన్ని ఊళ్లలో ఈ క్యాన్సర్‌ను తెచ్చే హెచ్‌పీవీ వైరస్ ఉందేమోనని ఒక్కసారి పరీక్ష చేశారు, తేడా ఉన్నవాళ్లకు వైద్యం చేశారు. ఎనిమిదేళ్లు చూస్తే, పరీక్ష చేయని ఊళ్లకన్నా అక్కడ ఈ క్యాన్సర్ చావులు దాదాపు సగమే. 2009లో ఆ లెక్క ప్రపంచమంతటికీ తెలిసింది. అందులో ఉన్నది మనలాంటి పల్లెటూరి ఆడవాళ్లే. అది విన్నాక ఎవరూ నవ్వలేదు. మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాసుకున్నాం.

పది మందిమి, రోజుకు మూడు కిలోమీటర్లు, 30 రోజులు. తెల్లారి ఐదింటికి చెరువు కట్ట మీద నడక. కిలోమీటరుకు పది రూపాయలు ఇవ్వమని కిరాణా కొట్టు, రైసు మిల్లు, బడి టీచర్లను అడిగాం. 900 కిలోమీటర్లు అనుకున్నాం. వానలు, జ్వరాలు పోగా 852 అయ్యాయి. వచ్చిన 8,520 రూపాయలు పరిశోధన చేసే ఒక క్యాన్సర్ ఆసుపత్రికి చెక్కు పంపాం. రసీదు ఫైలులో ఉంది.

చెక్కు రాసిన రోజు ఏఎన్ఎం గారు నన్ను అడిగారు, "ఊరందరికీ చెప్పావు, నువ్వు పరీక్ష చేయించుకున్నావా?" అని. నా దగ్గర జవాబు లేదు. నాకు 36 ఏళ్లు. సిగ్గు, భయం. నెల రోజులు కట్ట మీద నడిచినదాన్ని, పీహెచ్‌సీ గేటు దాటడానికి కాళ్లు ఆడలేదు. చివరికి పది మందిమీ కలిసే పోయాం. ఐదు నిమిషాల పని. మందు పూసి చూశారు, నొప్పి కూడా పెద్దగా లేదు. ఒకామెకు అనుమానం వచ్చి పెద్దాసుపత్రికి పంపారు. ముందే దొరికింది, వైద్యం అయింది. ఈరోజు ఆమె మీ మధ్యనే కూర్చుని ఉంది. పేరు చెప్పను.

అక్కా, 30 దాటినవాళ్లకు ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ పరీక్ష చేస్తారు. వచ్చే నెల మీటింగులో పొదుపు, కిస్తీలు రాసుకున్నాక, పరీక్షకు ఎవరెవరు పోయారో కూడా ఒక వరుస రాయండి. రక్తం కనపడినా, వాసనతో తెల్లబట్ట అయినా దాచుకోకండి. ఇంట్లో చెప్పలేకపోతే సంఘంలో చెప్పండి. మా తోటికోడలు చెప్పి ఉంటే ఆమె కూడా ఈరోజు ఇక్కడ ఉండేది.