మగదోమలతో దోమల అదుపు

దోమలను తగ్గించడానికి దోమలనే పెంచి వీధుల్లో వదలడం వినడానికి వింతగా ఉంది కదూ? ఈ పద్ధతి ఎలా పనిచేస్తుంది, ఎక్కడ ఫలించింది, మన దేశంలో ఇలాంటి ప్రయత్నం ఒకటి 1975లో ఎందుకు ఆగిపోయింది అన్న మూడు విషయాలను ఈనాటి పాఠంలో తెలుసుకుందాం.

మగదోమ కుట్టదు

డెంగీ, చికున్‌గున్యా వ్యాధులను ముఖ్యంగా వ్యాపింపజేసేది ఈడిస్ ఈజిప్టై అనే దోమ. ఇది పట్టణాలకు బాగా అలవాటుపడిన జీవి. పూలకుండీ కింది పళ్లెం, కూలర్ తొట్టి, పారేసిన టైరు, మూతలేని నీళ్ల డ్రమ్ము ఉంటే దీనికి చాలు. అయితే మనల్ని కుట్టేది ఆడదోమ మాత్రమే. గుడ్లు తయారుకావడానికి దానికి రక్తంలోని మాంసకృత్తులు కావాలి. మగదోమ పూల మకరందం, మొక్కల రసాలు తాగి బతుకుతుంది. అందువల్ల మగదోమలను ఎన్ని వదిలినా అవి ఎవరినీ కుట్టవు. ఈ పద్ధతికి మొదటి ఆధారం ఇదే.

వోల్బాకియా చేసే పని

రెండో ఆధారం వోల్బాకియా అనే బాక్టీరియా. 1924లో అమెరికాలో హెర్టిగ్, వోల్బాక్ అనే శాస్త్రవేత్తలు దీన్ని క్యూలెక్స్ దోమలో గుర్తించారు. ఇది కీటకాలవంటి జీవుల కణాల లోపల బతుకుతుంది. తల్లి నుంచి గుడ్డు ద్వారా సంతానానికి చేరుతుంది, తండ్రి నుంచి చేరదు. రాత్రిపూట మనల్ని కుట్టే క్యూలెక్స్ దోమల్లో ఇది సహజంగానే ఉంది. ఈడిస్ ఈజిప్టైలో మాత్రం సహజంగా ఉండదు. అందుకే ప్రయోగశాలలో సన్నని సూదితో దాని గుడ్లలోకి ఎక్కించి, ఆ సంతతిని పెంచుతారు.

ఈ బాక్టీరియా ఉన్న మగదోమ శుక్రకణంలో ఒక మార్పు వస్తుంది. ఆ మార్పును సరిదిద్దగలిగేది అదే రకం బాక్టీరియా ఉన్న గుడ్డు మాత్రమే. ఇది తాళం, తాళంచెవి వంటి ఏర్పాటు. మగదోమ తాళం వేస్తుంది, చెవి లేని గుడ్డులో పిండం తొలి దశలోనే నశిస్తుంది. గుడ్ల నుంచి లార్వాలు రావు. దీనినే కణద్రవ్య అననుకూలత అంటారు. పైగా ఈడిస్ ఆడదోమ సాధారణంగా జీవితంలో ఒక్కసారే జతకడుతుంది. ఆ ఒక్క అవకాశమూ వృథా అయినట్లే.

ఒక చిన్న లెక్క చూడండి. ఒక వీధిలో 100 స్థానిక మగదోమలు ఉన్నాయనుకుందాం. మనం 900 మగదోమలను వదిలితే, పది ఆడదోమల్లో సుమారు తొమ్మిదింటి గుడ్లు పాడవుతాయి. తరువాతి తరంలో స్థానిక మగదోమలు 50కి తగ్గాయనుకుంటే, అదే 900 వదిలినప్పుడు నిష్పత్తి 18కి ఒకటి అవుతుంది. అంటే దోమలు తగ్గేకొద్దీ ఈ పద్ధతి బలం పెరుగుతుంది. మందు చల్లే మనిషికి చివరి దోమ కనిపించదు. మగదోమ మాత్రం ఆడదోమను తానే వెతుక్కుంటూ పోతుంది.

ఓక్పో నుంచి సింగపూర్ దాకా

1967లో హానెస్ లావెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త బర్మాలో రంగూన్ సమీపాన ఉన్న ఓక్పో గ్రామంలో, బోదకాలు వ్యాధిని మోసే క్యూలెక్స్ దోమపై ఈ పద్ధతిని ప్రయోగించి విజయం సాధించాడు. దీనికి కారణం వోల్బాకియా అని అప్పటికి తెలియదు. యెన్, బార్ అనే శాస్త్రవేత్తలు 1971లో దానిని చూపించారు.

సింగపూర్‌లో జాతీయ పర్యావరణ సంస్థ 2016లో ఈడిస్ మగదోమలను వదలడం మొదలుపెట్టింది. టాంపినీస్, యిషున్ వంటి నివాస ప్రాంతాల్లో దోమల సంఖ్య 80 నుంచి 90 శాతం దాకా పడిపోయింది. డెంగీ సోకే అవకాశం 70 శాతానికి పైగా తగ్గింది.

ఇబ్బందులూ ఉన్నాయి. వదిలే మగదోమల్లో బాక్టీరియా ఉన్న ఆడదోమలు కలిసిపోతే, వాటి గుడ్లు చక్కగా పొదిగి ఆ సంతతే అక్కడ స్థిరపడుతుంది. ఇక మన మగదోమలు పనిచేయవు. అందుకే ప్యూపా దశలో పరిమాణాన్ని బట్టి మగ, ఆడలను వేరుచేస్తారు. కొన్నిచోట్ల తప్పించుకున్న ఆడదోమలు గొడ్డుపోయేలా స్వల్ప మోతాదులో ఎక్స్‌రే కిరణాలు ప్రసరింపజేస్తారు. పక్క ప్రాంతాల నుంచి దోమలు వస్తూనే ఉంటాయి కాబట్టి మగదోమలను వదలడం ఆపకూడదు. ఖర్చు తప్పదు.

ఢిల్లీ నేర్పిన పాఠం

1970ల తొలినాళ్లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి ఢిల్లీలో దోమల జన్యు నియంత్రణ పరిశోధన కేంద్రాన్ని నడిపాయి. దీనికి అమెరికా నిధులు అందాయి. సోనీపట్‌లో ఈడిస్ మగదోమలను వదలడానికి సన్నాహాలు జరిగాయి. ఇంతలో పత్రికల్లో ప్రశ్నలు వచ్చాయి. మలేరియా దోమను వదిలి, మన దేశంలో లేని ఎల్లో ఫీవర్‌ను మోయగల దోమపై ఇంత శ్రద్ధ ఎందుకని అడిగారు. ఈ సమాచారం జీవాయుధాలకు ఉపయోగపడుతుందన్న ఆరోపణ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని ఖండించింది. పార్లమెంటు ప్రభుత్వ లెక్కల సంఘం కూడా విమర్శించడంతో 1975లో ఆ కేంద్రం మూతపడింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. దోమలు పనిచేస్తాయా లేదా అన్నది తేలకముందే ఆ ప్రయోగం ఆగిపోయింది. ప్రజలకు ముందుగా చెప్పి, వారి సందేహాలకు జవాబిచ్చి, లెక్కలు బహిరంగంగా ఉంచకపోతే మంచి శాస్త్రం కూడా నిలవదు. అలాగని ప్రశ్నించినవారిది తప్పని అనలేం. తమ వీధిలో ఏం వదులుతున్నారో అడిగే హక్కు పౌరులకు ఉంది.

2022లో పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ వోల్బాకియా ఉన్న ఈడిస్ సంతతులను రూపొందించినట్లు ప్రకటించింది. ఇది కొంచెం భిన్నమైన మార్గం. ఇందులో ఆడదోమలనూ వదులుతారు. దోమలు తగ్గవు గాని, వాటి శరీరంలో డెంగీ వైరస్ పెరగడం కష్టమవుతుంది.

ఏ మార్గమైనా, నీళ్ల తొట్టిని వారానికోసారి ఖాళీచేసి, రుద్ది, ఆరబెట్టే పని మనదే. ఈడిస్ గుడ్లు తడి లేకుండా నెలల తరబడి బతికి ఉండగలవు.

ఆలోచించండి: రేపు మీ వీధిలోకి దోమల పెట్టెలతో ఒక వ్యాను వస్తే, మీరు అడగవలసిన మూడు ప్రశ్నలు ఏమిటి? మీ తరగతిలో చర్చించి రాయండి.