నివేదికలో ఉపనివేదిక

సహకార సంఘము నుండి సంవత్సరాంతమున మన ఇండ్లకు వచ్చు లెక్కల కాగితమును నేడు చాలచోట్ల కంప్యూటరు తయారుచేయుచున్నది. అందలి ఒక చిక్కును, దానికి గల విరుగుడును శ్రోతలకు విన్నవింపదలచితిమి.

ఒక సభ్యునకు నూరేసి రూపాయల జమలు 3, ఏబదేసి రూపాయల అప్పు వాయిదాలు 4 ఉన్నవనుకొందము. జమలొక పట్టికలోను, వాయిదాలు మరియొక పట్టికలోను ఉండును. సభ్యుని సంఖ్యను బట్టి రెండు పట్టికలను నేరుగా కలిపినచో, ప్రతి జమయు ప్రతి వాయిదాతో జతగూడి 12 వరుసలగును. అప్పుడు 300 రూపాయల జమ 1,200గాను, 200 రూపాయల చెల్లింపు 600గాను మొత్తము తేలును.

దీనికి విరుగుడు ఉపనివేదిక. క్రిస్టల్ రిపోర్ట్స్ వంటి సాధనములలో దీనిని సబ్‌రిపోర్టు అందురు. ప్రధాన నివేదికలో సభ్యుని పేరుండును. దాని క్రింద జమలకొక ఉపనివేదిక, వాయిదాలకు వేరొకటి. దేని లెక్క దానిదే గనుక మొత్తములు పెరగవు.

అయితే ఎవరి జమలు చూపవలెనో ఉపనివేదికకు తెలియుటెట్లు? సభ్యుని సంఖ్యను ప్రధాన నివేదిక దానికి అందింపవలెను. ఆ సంఖ్యను అందుకొనునదే పారామీటరు. క్రిస్టల్ రిపోర్ట్స్‌లో ఈ లంకె వేసినంతనే పారామీటరు తనంత తానే ఏర్పడి, ఆ సంఖ్యగల వరుసలనే ఏరును. లంకె మరచినచో యంత్రము తప్పని చెప్పదు. ప్రతి సభ్యుని పేరు క్రిందను అందరి జమలను అచ్చువేయును. ఒకరి ఇంటి గుట్టు ఊరివారందరి చేతికి పోవును. కాగితములు పంచుటకు ముందు ఇద్దరు ముగ్గురు సభ్యుల లెక్కలను మూల పద్దులతో సరిచూడవలెనని మేము చెప్పుట ఇందుకే. అక్షరములుగా వ్రాసిన 007, 7 అనునవి కూడ యంత్రమునకు ఒకటి కావు. ఒక పట్టికలో అట్లు, వేరొక పట్టికలో ఇట్లు ఉన్నచో ఉపనివేదిక వట్టిదిగా వచ్చును.

ఈ సౌకర్యమునకు వెల కూడ గలదు. సభ్యులు 500 మందియైనచో రెండు ఉపనివేదికలు కలసి 1,000 మారులు నడచును, అచ్చు ఆలస్యమగును. వివరములక్కరలేక మొత్తములే చాలునన్నచో, ప్రతి పట్టికలోను సభ్యునకొక వరుస చొప్పున ముందే కూడి, ఆ పిమ్మట కలుపుట మేలు. వరుసకు వరుసయే జతయగును గనుక లెక్క చెడదు. వివరములు చూపవలసిన చోటనే ఉపనివేదికను వాడుకొందము. వాడినప్పుడు లంకెను మరువకుందము.