డీజిల్ బండికి ‘చిప్’ బిగించవచ్చునా?

(ఖమ్మం – భద్రాచలం అటవీ సరిహద్దు పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘాల సమావేశంలో వెన్న శాతం, దాణా, బోనసు గురించి మాట్లాడుకోవడం రివాజు. ఈరోజు మేము బండి ఇంజను గురించి మాట్లాడదలచినాము. దానికి కారణం కలదు. మన సభ్యులలో పాత డీజిల్ కార్లు కొన్నవారు చాలామంది ఉన్నారు. మన పాల క్యాన్లు మోసే అద్దె బండ్లు కూడ ఎక్కువగా డీజిల్‌వే. తనిఖీకి వెళ్లిన చోటల్లా, “ఒక చిన్న పెట్టె బిగిస్తే బండి బాగా లాగుతుందట, మైలేజీ కూడ పెరుగుతుందట, నిజమేనా సారూ?” అని మమ్ములను అడుగుతున్నారు. కొందరు ఇప్పటికే బిగించుకొని తిరుగుతున్నారు. ఆ పెట్టెతో కాపురం ఎట్లా ఉంటుందో, లాభమెంతో నష్టమెంతో, లెక్కలు చూసేవారి దృష్టితో విన్నవించుకుంటాము.

ఈ కోరిక కొత్తది కాదు. పాత జీపులకు, ట్రాక్టర్లకు డీజిల్ పంపు స్క్రూ తిప్పి శక్తి పెంచడం మన మెకానిక్కులకు ఏనాటినుంచో తెలుసు. నల్ల పొగ కక్కుతూ బండి ముందుకు ఉరికేది. తరువాత కంప్యూటరు నడిపే ఇంజన్లు వచ్చాయి. కామన్ రైల్ అనే ఈ పద్ధతి 1997లో కార్లలోకి వచ్చింది. 2007లో స్విఫ్ట్ డీజిల్ వచ్చిన తరువాత మన పల్లెలకూ బాగా పరిచయమైంది. ఇందులో స్క్రూ లేదు. అందుచేత స్క్రూ చేసే పనిని ఇప్పుడు పెట్టె చేస్తున్నది.

అది పనిచేసే తీరు తెలుసుకుంటే మిగిలినదంతా సులభంగా అర్థమవుతుంది. ఇంజనులో ఒక పంపు డీజిల్‌ను ఒక గట్టి గొట్టంలోకి నొక్కి ఉంచుతుంది. మొదటి తరం ఇంజన్లలోనే ఆ ఒత్తిడి 1,350 బార్ల వరకు ఉండేది. మన కారు టైరులోని గాలి ఒత్తిడికి అది 600 రెట్ల పైమాట. ఆ గొట్టానికి ఒక కొలత పరికరం ఉంటుంది. ఒత్తిడి ఎంత ఉన్నదో అది కంప్యూటరుకు చెబుతుంది. దానినిబట్టి ఇంజెక్టరు ఎంతసేపు తెరవాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. చిప్ అని అమ్మే పెట్టె ఈ రెండింటి మధ్య కూర్చుంటుంది. ఉన్న ఒత్తిడికంటె తక్కువ ఉన్నట్లు కంప్యూటరుకు చెబుతుంది. పాపం, కంప్యూటరు నమ్మి ఒత్తిడి పెంచుతుంది. ఇంజెక్టరు అంతేసేపు తెరిచినా ఎక్కువ డీజిల్ పడుతుంది. శక్తి పెరుగుతుంది.

సోదరులారా, ఇది మనకు తెలియని విద్య కాదు. పాలలో నీళ్లు పోస్తే లాక్టోమీటరు రీడింగు పడిపోతుంది. పడిపోకుండా పంచదార కలిపేవారు ఉన్నారు. అక్కడ లాక్టోమీటరు అబద్ధం చెప్పదు, దానిని మోసగించారు. ఇక్కడా అంతే. పెట్టె లేకుండా కంప్యూటరులోని అంకెలనే మార్చే పద్ధతి ఇంకొకటి ఉన్నది. అది రిజిస్టరునే తిరగరాయడం వంటిది.

లాభం లేదని మేము అనము. ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. చిన్న టర్బో ఇంజన్లు తక్కువ వేగంలో బరువుగా కదులుతాయి. పెట్టె బిగిస్తే ఆ మాంద్యం తగ్గుతుంది. కొత్తగూడెం – మణుగూరు బాటలో బొగ్గు లారీని దాటడం తేలిక అవుతుంది. చింతూరు దాటి మారేడుమిల్లి ఘాటు ఎక్కేటప్పుడు గేరు మార్చే పని తగ్గుతుంది. వాడేవారు మెచ్చుకునేది దీనినే.

ఇక మైలేజీ సంగతి. “అద్దాల కింద తెర మీద లీటరుకు 19 అని చూపిస్తున్నది సారూ” అని ఒక సభ్యుడు మాతో సంతోషంగా చెప్పినాడు. ఆ తెర మీది అంకె ఎవరు వేస్తున్నారు? మోసపోయిన ఆ కంప్యూటరే. ఒత్తిడి తక్కువ అనుకొని, తక్కువ డీజిల్ పోసినట్లే అది లెక్క కడుతుంది. పుస్తకంలో నిలువ ఒకటి, గల్లాపెట్టెలో నగదు ఒకటి! అందుచేత నిండు ట్యాంకు లెక్క ఒక్కటే నమ్మవలసినది. బంకులో ట్యాంకు నింపించి మీటరు వ్రాసుకోండి. కొంతదూరం తిరిగి, అదే బంకులో మళ్లీ నింపించండి. 480 కిలోమీటర్లకు 30 లీటర్లు పట్టిన ఎడల లీటరుకు 16 మాత్రమే. తెర 19 చెప్పినా సరే, డబ్బులు 16కే కట్టినాము.

“కంపెనీ వారు కావాలనే శక్తి తగ్గించి పెట్టారు, మేము దానిని విప్పుతున్నాము” అని అమ్మేవారు అంటారు. ఇందులో సగం నిజం. కంపెనీ కొంత జాగా వదులుతుంది. ఎందుకు? ఎండకు, దుమ్ముకు, బరువుకు, నాసిరకం డీజిల్‌కు. ఈ నాలుగూ మన ప్రాంతంలో ఒక్కచోటనే ఉన్నాయి. ఇల్లెందు, మణుగూరు వైపు బొగ్గు దుమ్ము ఉన్నది. మే నెల ఎండ సంగతి మీకు చెప్పనక్కరలేదు. అడవి లోపలి ఊళ్లలో డబ్బాలలో అమ్మే డీజిల్‌లో నీరుండవచ్చు, కిరోసిను ఉండవచ్చు. అంత ఒత్తిడిలో పనిచేసే పంపుకు, ఇంజెక్టర్లకు ఆ డీజిలే కందెన. కంపెనీ వదిలిన జాగాను మన బాటలు అప్పటికే వాడుకుంటున్నాయి. పెట్టె వచ్చి మిగిలినది కూడ తినివేస్తుంది.

అదే 1.3 లీటర్ల డీజిల్ ఇంజను స్విఫ్ట్‌లో 75 అశ్వశక్తి ఇచ్చేది, ఎర్టిగాలో 90 ఇచ్చేది. ఆ 15 పెంచడానికి కంపెనీ వారు అంకెలు మార్చి ఊరుకోలేదు, టర్బోనే మార్చినారు. పెట్టె బిగించినవారు టర్బో మార్చరు, క్లచ్చి మార్చరు. ఎత్తు ఎక్కేటప్పుడు కాలిన వాసన వస్తే అది క్లచ్చి జారుతున్న సంకేతం. వెనుక నల్ల పొగ వస్తే మనం కొన్న డీజిల్ కాలకుండానే పోతున్నదని అర్థం. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బి.ఎస్.-6 బండ్లలో ఆ మసిని పట్టే జల్లెడ ఉన్నది. అది నిండిపోతే బండి శక్తి తగ్గించుకొని కుంటుతుంది.

చట్టం మాట కూడ వినాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షను ప్రకారం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఇన్సూరెన్సు వారికి చెప్పని మార్పు ఉన్నదంటే క్లెయిము దగ్గర పేచీ వస్తుంది. వారంటీ దగ్గరా అంతే. పెద్దవారికీ మినహాయింపు లేదు. 2015లో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ డీజిల్ కార్లలో పొగ పరీక్షను మోసగించే ప్రోగ్రాము బయటపడింది. ప్రపంచమంతటా సుమారు 1 కోటి 10 లక్షల బండ్లలో అది ఉన్నదని ఆ కంపెనీయే ఒప్పుకొనవలసి వచ్చింది.

మరి బండి లాగడం లేదంటే ఏమి చేయాలి? గేదె పాలు తగ్గితే మొదట మేత, నీరు చూస్తాము. బండికీ అదే న్యాయం. గాలి ఫిల్టరు దుమ్ముతో మూసుకున్నదా? డీజిల్ ఫిల్టరులో నీరు చేరినదా? టర్బో గొట్టం చిట్లినదా? బ్రేకు పట్టుకొని ఉన్నదా? టైర్లలో గాలి చాలినదా? ఇవి సరిచేస్తే చాలా బండ్లు తమ పాత బలానికి వస్తాయి. పాత కారు కొనేవారు బానెట్టు తెరిపించి, ఒత్తిడి కొలిచే పరికరం దగ్గర అదనపు వైర్లు, బ్యాటరీ పక్కన కొత్త పెట్టె ఉన్నవేమో చూడాలి. ఏ మార్పులూ చేయలేదని అమ్మేవారి చేత వ్రాయించుకోవాలి. ఇప్పటికే బిగించుకున్నవారు తీయించి, క్లచ్చి, ఇంజెక్టర్లు ఒకసారి చూపించుకొనుట మంచిది.

చివరిగా పాల బండి. సొంత కారు చెడితే ఒక ఇంటికి ఇబ్బంది. పాల బండి చెడితే అట్లా కాదు. దుమ్ముగూడెం, చర్ల దారిలో, ఫోను సిగ్నలు అందని చోట, మే నెల సాయంత్రం బండి ఆగిపోయిందనుకోండి. శీతలీకరణ కేంద్రంలో 4 డిగ్రీలకు చల్లబడవలసిన పాలు క్యాన్లలోనే విరుగుతాయి. ఆ పాలు ఒకరివి కావు. రెండు లీటర్లు పోసే ఒంటరి ఆడమనిషివి ఉన్నాయి, గేదె అప్పు వాయిదా కట్టవలసిన రైతువి ఉన్నాయి. బండి పది నిమిషాలు ముందు వస్తే వారికి ఒక్క పైసా ఎక్కువ రాదు. రాకపోతే మాత్రం పూట సంపాదన మొత్తం పోతుంది.

అందుచేత ప్రతి సంఘం పాలకవర్గం రెండు తీర్మానాలు చేయవలెనని కోరుతున్నాము. ఒకటి, పాల రవాణా ఒప్పందంలో ‘బండి ఇంజనుకు కంపెనీ అమర్చినవి తప్ప మరే పెట్టె, మార్పు ఉండరాదు’ అని వ్రాయించండి. రెండు, డీజిల్ బిల్లు చెల్లింపు తెర మీది అంకెను చూసి కాక, నిండు ట్యాంకు లెక్క మీదనే జరపండి.

కొలతను నమ్మి బ్రతికే సంస్థ మనది. పాలు పోసే చోట కొలత ఎంత నిక్కచ్చిగా ఉండాలంటామో, ఆ పాలు మోసే బండిలోనూ అంతే నిక్కచ్చిగా ఉండాలి.