మన బడి ఎవరి బిడ్డలకు?
(శతాబ్ది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



దేవాలయములను గూర్చి చెప్పగల పెద్దలు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను ముప్పది ఏండ్లు విచారణ బడిలో సుద్దముక్క పట్టుకొన్నవాడను. కాబట్టి బడిని గూర్చి నాలుగు మాటలు చెప్పుకొనుటకు సెలవు కోరుచున్నాను.

మన విశాఖపట్టణములో బడి, గుడి తోబుట్టువులవలె పెరిగినవి. 1805లో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజస్ దొరలు ఇక్కడకు వచ్చి, ఒక ప్రక్క సువార్తను తెలుగు చేయుచు, మరొక ప్రక్క పిల్లలకు బడి నడిపారు. మన వారి సెయింట్ అలోషియస్ పాఠశాల 1847లో ఆరంభమైనది. 1854లో వచ్చిన ఉడ్ నివేదిక ప్రభుత్వేతర పాఠశాలలకు గ్రాంటు ఇవ్వవలెనని చెప్పినది. ఆ దారినే మన ఎయిడెడ్ బడులు ఏర్పడినవి. స్థలము, భవనము, నిర్వహణ సంఘానివి. ఉపాధ్యాయుని జీతము ప్రభుత్వానిది. రేవు కళాసీ కొడుకు, రైల్వే గుమాస్తా కూతురు ఒకే బల్లమీద కూర్చొని అక్షరములు దిద్దినది అటువంటి బడులలోనే.

1966లో ఈ పట్టణ వీధులలో "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అనే కేక పుట్టినది. ఆ ఉద్యమములో ముప్పదిమందికి పైగా ప్రాణములు అర్పించారు. అదే ఏడు కొఠారి కమిషన్ తన నివేదికలో, ఒక పేటలోని పిల్లలందరూ, కలవారి బిడ్డలైనా లేనివారి బిడ్డలైనా, ఒకే బడిలో చదువవలెనని చెప్పినది. ఆ మాట కొరకు మాత్రము ఎవరూ గర్జించినట్లు నాకు తెలియదు. చదువు ప్రాథమిక హక్కు అని రాజ్యాంగములో చేర్చుటకు 2002 రావలసి వచ్చినది; దానికి చట్టము అమలగుటకు 2010 ఏప్రిల్ రావలసి వచ్చినది.

ఈలోగా ఏమి జరిగినది? వీధివీధికీ రుసుము బడులు వెలిసినవి. మన జనము వాటన్నిటికీ ఒకే పేరు పెట్టినారు: కాన్వెంటు! మఠకన్యలు ఒక్కరైనా లేని కాన్వెంట్లు! పేరు మనది, రుసుము వారిది. ఎయిడెడ్ బడులలో ఉపాధ్యాయుడు రిటైరైతే ఆ కుర్చీ ఏండ్ల తరబడి ఖాళీగానే ఉండిపోయినది. 2019లో మొదలైన నాడు–నేడు పథకముతో ఎన్నో సర్కారు బడులకు గోడలు, నీళ్లు, మరుగుదొడ్లు సమకూరినవి. 2020లో అమ్మఒడి, 2025లో తల్లికి వందనం పేరున తల్లుల ఖాతాలలో సొమ్ము పడినది; ఆ సొమ్ము సర్కారు బడి బిడ్డకూ, ప్రైవేటు బడి బిడ్డకూ వర్తించినది. అయినను, స్తోమత ఉన్న తల్లి చూపు ఇంగ్లీషు బడి బస్సు మీదనే.

ఇతరులను నిందించుటకు నేను నిలువలేదు. నా తప్పు ముందు చెప్పుకొనెదను. ఊరి బిడ్డలకు విచారణ బడిలో పాఠము చెప్పిన నేను, నా కుమారుని ఒక రుసుము బడిలో వేశాను. ఒకనాడు నా తరగతిలోని కళాసీ కొడుకు, "మాస్టారూ, మీ అబ్బాయి మన బడికి రాడేమండీ?" అని అడిగాడు. నల్లబల్ల తుడుచుచున్నట్లు నటించి అటు తిరిగాను. నేటివరకు దానికి నా వద్ద జవాబు లేదు.

2021లో ఎయిడెడ్ సంస్థలు ప్రభుత్వములో కలిసిపోవలెను, లేదా సిబ్బందిని అప్పగించి ప్రైవేటుగా నడుపుకొనవలెను అని రాష్ట్ర ప్రభుత్వము కోరినప్పుడు, మన జ్ఞానాపురములో పిల్లలు, తల్లిదండ్రులు రోడ్డెక్కారు. "మా బడి మూయకండి" అన్నదే వారి మొర. ఇష్టము లేనివారు తమ సమ్మతిని వెనుకకు తీసుకొనవచ్చునని ఆ నవంబరులో ప్రభుత్వము తెలిపినది. ఆ బడి విలువ మనకంటె ఆ తల్లులకే బాగా తెలుసునని నాకు అనిపించినది.

విద్యాహక్కు చట్టము ప్రైవేటు బడులలో నాలుగవ వంతు సీట్లు బీద బిడ్డలకు ఇవ్వమన్నది. మైనారిటీ సంస్థలకు ఆ చట్టము వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మన హక్కు నిలిచినందుకు సంతోషమే. కాని చట్టము వదిలినదని మనస్సాక్షి వదులుతుందా? చిన్నబిడ్డలను నా యొద్దకు రానివ్వుడని పలికిన ప్రభువు రుసుము రసీదు అడుగలేదు గదా!

అందుచేత మూడు మనవులు. ఒకటి, రుసుము తీసుకొను మన ప్రతి పాఠశాలలోను, మతభేదము లేకుండా, ఆ పేట బీద బిడ్డలకు నాలుగవ వంతు స్థానములు మనంతట మనమే ఉంచుదము. రెండు, ఎయిడెడ్ బడిలో ఖాళీగా ఉన్న ఒక్క ఉపాధ్యాయుని జీతమైనను ప్రతి విచారణ భరించును గాక. మూడు, మన బిడ్డలు సర్కారు బడిలో చదువుచున్నచో అక్కడి తల్లిదండ్రుల కమిటీలో కూర్చొని అడుగవలసినది అడుగుదము.

ఈ శతాబ్దికి మనము కట్టు స్మారక తోరణము ఎండకు, వానకు వెలిసిపోవును. బడిలో ఒక బిడ్డకు ఇచ్చిన చోటు వెలిసిపోదు. నేను జవాబు చెప్పలేకపోయిన ఆ పిల్లవానికి మీరైనా జవాబు చెప్పుదురని ఆశించుచు, సెలవు తీసుకొనుచున్నాను.