పహాణీకి ఎక్కని పేర్లు

మన పల్లెల్లో "ఇది మా తాతల నాటి భూమి" అనే మాట వినని రోజుండదు. అది మన దాకా ఎవరి చేతుల మీదుగా వచ్చింది అని అడిగితే మాత్రం ఇద్దరు ముగ్గురు మగవాళ్ల పేర్లు చెప్పి ఆగిపోతాం. ఈ రోజు మా ఇంటి పొలాన్నే ముందు పెట్టుకొని ఆ సంగతి మాట్లాడుకుందాం.

మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ వైపు. ఆరెకరాల ఎర్ర చెల్క, పాడుబడ్డ ఒక మోటబావి, రెండు బోర్లు. మా నాయిన పోయినంక ఇనుప పెట్టె తెరిస్తే ఈ భూమి కాగితాలు దొరికినయి. పాతవన్నీ వరుసగా పేర్చుకుంటే అదే ఒక చరిత్ర.

అన్నిటికంటే పాతది సేత్వార్ నకలు. నిజాం కాలంలో భూమి కొలిచి సర్వే నంబర్లు వేసినప్పుడు రాసిన మూల రికార్డు అది. అందులో ఉన్నది ఊరి దొర పేరు. మా తాత ఆయన దగ్గర కౌలుదారు. దున్నేది తాత, పంట కల్లంలో ఉన్నప్పుడే పాలు తీసుకుపోయేది దొర మనుషులు. ఆ రోజుల్లో కౌలుదారుకు కాగితం లేదు, రసీదు లేదు. వెళ్లిపొమ్మంటే వెళ్లిపోవాల్సిందే.

ఈ పద్ధతి మీద తిరగబడిన వాళ్లలో ముందు గుర్తొచ్చే పేరు చాకలి ఐలమ్మది. ఆమె ఊరు పాలకుర్తి, అప్పట్లో నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. కౌలుకు చేసిన నాలుగెకరాల పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషులు వస్తే, సంఘం అండతో ఆ పంటను ఇంటికి చేర్చుకుంది. 1946 నుంచి 1951 దాకా నడిచిన సాయుధ పోరాటం గురించి మనం ఎన్నో సభల్లో వింటాం. ఒక్క సంగతి మాత్రం గమనించండి. ఆ పోరాటంలో అందరికంటే ముందు చెప్పుకునే పొలం ఒక ఆడమనిషి సాగు చేసిన పొలం.

పోరాటం నడుస్తుండగానే 1950లో హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. చట్టం చెప్పిన కాలంలో ఆరేళ్లు వరుసగా సాగులో ఉన్నవాళ్లు రక్షిత కౌలుదార్లు అయ్యారు. 1954-55లో ఖాస్రా పహాణీ రాశారు. పట్టాదారు ఎవరు, నిజంగా సాగులో ఉన్నది ఎవరు అని అందులో విడివిడిగా ఉంటుంది. పట్టాదారు కాలమ్‌లో దొర, సాగు కాలమ్‌లో మా తాత. మా ఇంటి పేరు సర్కారు రికార్డుకు ఎక్కడం అదే మొదటిసారి. 1970ల్లో 38-ఇ సర్టిఫికెట్ వచ్చి తాత హక్కుదారు అయ్యాడు. తాత తర్వాత విరాసత్‌లో మా నాయిన పేరు ఎక్కింది. కాగితాల్లో కథ ఇంతే.

పొలంలో కథ వేరే ఉంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పచ్చబడ్డాయి. ప్రాజెక్టు మా జిల్లాలోదే అయినా మా చెల్క ఎత్తు మీద ఉండిపోయింది. మాకు మోటే దిక్కు. తాత ఎడ్లతో మోట కొడితే, కాలువ వెంట తిరిగి మడిమడికీ నీళ్లు కట్టింది మా మేనత్త. నాయిన కంటే పెద్దది. ఆముదం వేసిన ఏడు గెలలు తెంపింది, ఎండబెట్టింది, కాయ కొట్టి గింజ తీసింది ఆమె, మా నాయనమ్మ. కరువు ఏడాది తాత, నాయిన కూలికి పోతే సేద్యం నిలబెట్టింది కూడా వాళ్లిద్దరే. వాళ్ల పేరు ఏ కాలమ్‌లోనూ లేదు.

పేరు ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి అనొచ్చు. 2018లో రైతుబంధు మొదలైంది. ఎకరానికి పంటకు 4 వేలు. ఆ డబ్బు పట్టాదారుకే వచ్చింది, దున్నే కౌలుదారుకు రాలేదు. 2020లో ధరణి వచ్చినంక పాత పహాణీలో ఉన్న సాగుదారు కాలమే పోయింది. కాగితంలో పేరు లేనివాళ్లు లెక్కలోనే లేరన్నమాట.

ఇప్పుడు విరాసత్ మా అన్నదమ్ముల ముగ్గురి పేరు మీద చేసుకోవాలి. "మీ మేనత్తతో హక్కు వదులుకున్నట్టు ఒక కాగితం రాయించుకోండి, రేపు పేచీ ఉండదు" అని ఊళ్లో తెలిసిన ఒకాయన సలహా ఇచ్చాడు. నేను పోయి అడిగిన. అత్తమ్మకు ఎనభై దాటినయి. విన్నది, కొంచెంసేపు ఆగింది.

"నేను పాలు అడుగుతలేను కొడుకా. కానీ అడిగే హక్కు లేదని మాత్రం రాసియ్య" అన్నది.

వకీలును అడిగితే తెలిసింది. తండ్రి సొంత ఆస్తిలో, వీలునామా లేకపోతే, కూతురికి కొడుకుతో సమానమైన వాటా 1956 హిందూ వారసత్వ చట్టం నుంచే ఉంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబర్ 5 నుంచి వచ్చింది, కానీ అప్పటికే పెళ్లయిన ఆడబిడ్డలకు వర్తించలేదు. ఐలమ్మ కన్నుమూసింది అదే నెల 10న. 2005 సెప్టెంబర్ 9 నాటి కేంద్ర సవరణతో ఆ పెళ్లి అడ్డు కూడా తొలగింది. చట్టం ఎప్పుడో వచ్చింది. మా ఊరి దాకా రాలేదు, అంతే.

ఎకరంనర అత్తమ్మ పేరు మీద చేద్దామని నా మాట. తమ్ముడు సరే అన్నడు. అన్న ఇంకా ఒప్పుకోలేదు. హైదరాబాద్ రోడ్డు దిక్కు రేటు ఎంత పలుకుతున్నదో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. అత్తమ్మ ఆరోగ్యం చూస్తే ఆలస్యం చేసే వీలు లేదు. అందుకే ఈ సంగతి ఇంట్లో ఎంత గట్టిగా మాట్లాడుతున్ననో ఇక్కడా అంతే గట్టిగా చెప్తున్న.

మీకు రెండు పనులు చెప్తాను. ఒకటి, మీ సర్వే నంబరు పట్టుకొని తహసీల్దార్ ఆఫీసులో ఖాస్రా పహాణీ నకలు అడగండి. మీ తాత ఏ కాలమ్‌లో ఉన్నాడో చూడండి. రెండు, ఇంట్లో పెద్దామె ఉంటే పక్కన కూర్చొని అడగండి. బావి ఎవరు తవ్విన్రు, నాట్లు ఎవరు వేసిన్రు, అప్పు తీర్చడానికి ఎవరి మెడలోది అమ్మిన్రు అని. ఫోన్‌లో రికార్డు చేసుకోండి. మొదటిది సర్కారు దగ్గర ఇంకో పదేళ్లకైనా దొరుకుతుంది. రెండోది ఆ మనిషితోనే పోతుంది.

మా విరాసత్ తేలినంక ఏమైందో చెప్తాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, నమస్తే.