రెండవ పొడగరి కొఱకు వెదుకులాట

ఫుట్‌బాల్ అనగనే మన శ్రోతల కన్నుల యెదుట గుండ్రని బంతియు, చేయి తగిలినచో తప్పను నియమమును మెదలును. ఆస్ట్రేలియా దేశమున, విశేషించి విక్టోరియా రాష్ట్రమున, ఆ మాటకు అర్థము వేఱు. అచ్చటి బంతి కోలగా నుండును. దానిని చేతులతో పట్టవచ్చును, కాలితో తన్నవచ్చును, పిడికిటితో గ్రుద్ది తోడివానికి అందింపవచ్చును. విసరుట మాత్రము నిషిద్ధము. 1859లో మెల్‌బోర్న్ నగరమున కొందఱు క్రికెట్ ఆటగాండ్రు కూర్చుండి వ్రాసికొనిన నియమములనుండి ఈ యాట పెరిగినది. నేడు మెల్‌బోర్న్‌లో కాపురముండు తెలుగు కుటుంబములు తక్కువ కాదు. అక్కడ పుట్టి పెరుగుచున్న మనుమల నోట ఈ యాట ముచ్చట విని, అదేమో తెలియక తల యూపి యూరకుండిన తాతలు మన శ్రోతలలో నుండియే యుందురు. వారికైనను ఈ ప్రసంగము కొంత ఉపకరించునని మా ఆశ.

అయితే మేము చెప్పబూనినది ఆటను గూర్చి కాదు. ఆట ముగిసిన పిదప జరుగు ఒక బేరమును గూర్చి. సెప్టెంబరు మాసాంతమున తుది పోటీ జరుగును. లక్ష మంది పట్టు మెల్‌బోర్న్ క్రికెట్ మైదానము ఆ సాయంకాలముతో ఖాళీ యగును. కాని అక్టోబరులో ఇంచుమించు పది దినములపాటు పత్రికలకును రేడియోలకును మఱల చేతినిండ పని దొరకును. ఆ దినములలో క్లబ్బులు తమ ఆటగాండ్రను ఒండొరులతో మార్చుకొనును. దీనినే వారు ట్రేడ్ పీరియడ్ అందురు. పెద్ద పేరుగల వీరులు ఎవరు ఎక్కడికి పోవుదురను వార్తయే అందఱకును కావలసినది. మా దృష్టికి మాత్రము అంతకంటె చిత్రమైనది మఱియొక వెదుకులాట. అది రెండవ రక్‌మన్ కొఱకు జరుగు వెదుకులాట.

రక్‌మన్ ఎవరో ముందు చెప్పవలెను. కోడిగ్రుడ్డు ఆకారముగల విశాలమైన మైదానముపై ఒక్కొక్క పక్షమున పదునెనిమిదిమంది ఆడుదురు. ఆట ఆరంభమైనప్పుడును, ప్రతి గోలు పిదపను, బంతి మైదానపు నడిబొడ్డునకు వచ్చును. 2025వ సంవత్సరము వఱకు అంపైరు దానిని నేలకు బలముగా కొట్టి పైకి లేపెడివాడు. 2026నుండి పైకి ఎగురవేయుటయే నియమమైనది. ఎట్లు లేచినను, ఆ బంతి కొఱకు ఇరుపక్షములనుండి ఒక్కొక్క పొడగరి ఎగురును. అతడే రక్‌మన్. అతడు బంతిని పట్టుకొనడు. వ్రేళ్ల కొనలతో దానిని ఒక దిక్కునకు తట్టును. ఆ దిక్కున అప్పటికే పరుగెత్తుచున్న పొట్టి ఆటగాడు దానిని అందుకొని పోవును. బంతి సరిహద్దు దాటినప్పుడును, ఆటగాండ్ర గుంపులో చిక్కుపడి నిలిచిపోయినప్పుడును మఱల ఇదే తంతు. నడుమ నడుమ అందఱతో సమముగా మైదానమంతయు పరుగెత్తవలెను. రెండు మీటర్లకు పైబడిన దేహముతో ఈ పని చేయుట ఎంతటి శ్రమయో మన కబడ్డీ ఆటగాండ్రు చెప్పగలరు.

ఈ పనికి తగినవాడు జట్టులో సాధారణముగా ఒక్కడే యుండును. అతడు పడిపోయిన దినమున ఏమి చేయవలెను? ప్రశ్న క్రొత్తది కాదు. పాలీ ఫార్మర్ అని ప్రసిద్ధుడైన గ్రేహమ్ ఫార్మర్ పశ్చిమ ఆస్ట్రేలియానుండి జీలాంగ్ క్లబ్బునకు 1962లో వచ్చెను. ఆ కాలమున ఆయనను మించిన రక్‌మన్ లేడని ప్రతీతి. క్రొత్త క్లబ్బు తరపున ఆడిన మొదటి ఆటలోనే ఆయన మోకాలు దెబ్బతినెను; ఆ యేడాదిలో అధికభాగము ఆయన ఆడలేకపోయెను. మఱుసటి సంవత్సరము, 1963లో, ఆయన ఆడగా జీలాంగ్ విజేత యయ్యెను. ఒక్క మోకాలికిని ఒక సంవత్సరపు భాగ్యమునకును గల సంబంధము ఇంతకంటె స్పష్టముగా తెలియజేయు ఉదాహరణము మాకు కనబడలేదు. రక్‌మన్‌లు ఇరుదిక్కులనుండి పరుగెత్తి వచ్చి గాలిలో ఒకరి మోకాలిని ఒకరు ఢీకొనుట వలన గాయములు మిక్కిలి యగుచుండగా, తరువాతి కాలమున ఆ పరుగును పది మీటర్ల అడ్డుకొలతగల వలయమునకు కుదించిరి. గాయములు తగ్గినవి గాని తొలగలేదు.

ఒకప్పుడు చురుకైన శిక్షకులు ఒక ఉపాయము పన్నెడివారు. తమ రక్‌మన్ బలహీనుడైనచో, మూడవవాడొకడు ప్రక్కనుండి హఠాత్తుగా ఎగిరి బంతిని తట్టెడివాడు. 2017నుండి నియమమును మార్చి దానిని నిషేధించిరి. ఇప్పుడు ఒక్కొక్క పక్షమునుండి ఒక్కడే ఎగురవలెను. ఆ మార్పుతో పొడగరుల విలువ పెరిగినది; రెండవవాని అవసరమును పెరిగినది.

మఱి, ఆ రెండవవానిని ఎక్కడనుండి తెత్తురు? పాఠశాల చదువు ముగించిన పదునెనిమిదేండ్ల బాలురను క్లబ్బులు ఏటేట డ్రాఫ్టు అను వరుసలో ఎంచుకొనును. కడపటి స్థానమున నిలిచిన క్లబ్బునకు ఆ వరుసలో మొదటి అవకాశము. 1986నుండి ఈ పద్ధతి నడచుచున్నది. కాని పొడుగు బాలుడు ఆలస్యముగా పండు పండు. ఎముక పెరిగినంత వేగముగా కండ పెరుగదు. కండ పెరిగిన తరువాతగాని ముప్పదియేండ్ల మల్లునితో భుజము భుజము కలిపి నిలువజాలడు. అందుచేత పదునెనిమిదేండ్ల వయసున అతనిని చూచి ఎవరును నిక్కముగా చెప్పలేరు. వెస్ట్ కోస్ట్ క్లబ్బు డీన్ కాక్స్‌ను మొదట తీసికొన్నది రూకీ జాబితాలోనికి, అనగా చౌక బేరగాండ్ర పట్టికలోనికి. ఆయన 290 ఆటలాడి, 2006లో విజేతయగు జట్టులో నుండి, ఆ స్థానమున మహామహుడను పేరు పొందెను. ఫ్రీమాంటిల్ క్లబ్బులో 211 సెంటీమీటర్ల ఎత్తుగల ఆరన్ శాండిలాండ్స్ కూడ ఆ చిన్న జాబితానుండి వచ్చినవాడే. అట్లే యింకెందఱో వచ్చి, యేమియు కాకుండగనే పోయిరి.

నేడు ఒక రక్‌మన్ కావలసిన క్లబ్బు బాలుని నాటి అయిదేండ్లు నీరు పోయుచు కూర్చుండజాలదు. అది పండిన కాయ కొఱకు పొరుగువాని తోటవైపు చూచును. ఆ పొరుగు తోటలో మొదటి రక్‌మన్ నీడన రెండవవాడొకడుండును. వయసు ఇరువదిమూడో, ఇరువదినాలుగో. వారము వారము క్రింది తరగతి పోటీలలో ఆడుచు, పై జట్టులోనివాడు కుంటినప్పుడు మాత్రము పిలుపు నందుకొనువాడు. బేరము వానికై జరుగును.

ఈ బేరములో రొక్కము చేతులు మారదు. ఆటగానికి బదులు ఆటగానినిగాని, డ్రాఫ్టు వరుసలోని స్థానమునుగాని ఇయ్యవలెను. 2015నుండి రాబోవు సంవత్సరపు స్థానములను కూడ ఇచ్చిపుచ్చుకొనుచున్నారు. జీతముల మొత్తమునకు ఒక పరిమితి కలదు. ఒప్పందము నడచుచుండగా ఆటగాని సమ్మతి లేనిదే అతనిని పంపరాదు; ఈ నియమము మాకు మిక్కిలి నచ్చినది. సంతలో ఎడ్ల బేరమునకును దీనికిని గల భేదమంతయు ఆ ఒక్క నియమములోనే యున్నది.

సమ్మతి ఆటగానిదైనప్పుడు వానిని ఒప్పింపవలసి యుండును గదా! చిక్కు ఇక్కడనే యున్నది. కొనువాడు కోరునది ఏమి? మొదటివాడు పడిపోయిననాడు నిలువగలవాడు, పడిపోనినాడు మాఱు మాటాడకుండ వేచియుండువాడు. వచ్చువాడు కోరునది ఏమి? ఆడుట. అతని ఆయుస్సులో ఆటకు దక్కునవి పది పండ్రెండేండ్లు. అందులో నాలుగు ఇదివఱకే వేచియుండుటలో గడచినవి. ఇంకొకచోట వేచియుండుటకై అతడేల రావలెను? జిమ్ స్టైన్స్ అను ఐర్లండు దేశీయుడు మెల్‌బోర్న్ క్లబ్బు తరపున 1987నుండి 1998వఱకు వరుసగా 244 ఆటలు ఒక్కటియు తప్పకుండ ఆడెను. అది అందఱును కొనియాడు ఘనత. ఆ పదకొండేండ్లు ఆయన వెనుక నిలుచుండినవారికి ఆ ఘనత ఎట్లుండెనో శ్రోతలు ఊహింపవచ్చును.

కావున క్లబ్బులు రెండు పనులు తెలిసినవానిని వెదకును. రక్‌మన్‌గా ఎగురుటయే కాక, గోలు కంబముల చెంత నిలిచి పైనుండి బంతిని పట్టగలవాడైనచో, అతడు మొదటివానితోపాటు అదే దినమున ఆడవచ్చును. మొదటివాడు ఆయాసము తీర్చుకొనునప్పుడు నడుమకు పోవచ్చును. మెల్‌బోర్న్ క్లబ్బున మాక్స్ గాన్, ల్యూక్ జాక్సన్ అనువారు ఇట్లు జోడుగా ఆడిరి. 2021లో ఆ క్లబ్బు విజేత యయ్యెను. ఆ రెండవ విద్య లేనివానిని తెచ్చుట బీరువాలో దాచు గొడుగును కొనుటవంటిది. వాన రానినాడు అది ఎవరికిని కనబడదు. కాని గొడుగునకు మనస్సు లేదు, మనుష్యునకు కలదు.

బేరము ఫలించిన సందర్భములును లేకపోలేదు. టోబీ నాన్‌కర్విస్ అనువాడు సిడ్నీ క్లబ్బులో కొలది ఆటలే ఆడియుండెను. 2016 అక్టోబరులో రిచ్‌మండ్ క్లబ్బు అతనిని డ్రాఫ్టు వరుసలోని 46వ స్థానము నిచ్చి తెచ్చుకొన్నది. ఏమంత పెద్ద వెల కాదు. వచ్చినవాడు వచ్చినట్లే మొదటి రక్‌మన్ అయ్యెను. 2017లో రిచ్‌మండ్ ముప్పదియేడేండ్ల తరువాత విజేతగా నిలిచెను. 2019లోను, 2020లోను మఱల గెలిచెను. 2019 తుది పోటీలో ఆయనకు తోడుగా ఇవాన్ సోల్డో ఆడెను. సోల్డో మాత్రము ఎంతకాలము రెండవవాడుగా నుండును? 2023లో పోర్ట్ అడిలైడ్ క్లబ్బునకు పోయెను. చిత్రమేమనగా, ఆ క్లబ్బు అదే అక్టోబరులో వెస్టర్న్ బుల్‌డాగ్స్‌నుండి జోర్డన్ స్వీట్ అను మఱియొక రక్‌మన్‌ను కూడ తెచ్చెను. అతడును టిమ్ ఇంగ్లిష్ వెనుక ఏండ్ల తరబడి వేచియున్నవాడే. ఇద్దఱు వేచియుండువారు ఒకే వాకిట దిగిరి! 2024లో ఆ స్థానము తుదకు స్వీట్‌కు దక్కెను.

విఫలమైన బేరములలో ఒకదానిని గూర్చి కొంత వివరముగా చెప్పుదుము. బ్రోడీ గ్రుండీ కాలింగ్‌వుడ్ క్లబ్బు రక్‌మన్. 2018లోను, 2019లోను దేశమంతటిలోని మేటి ఆటగాండ్రనుండి ఏర్చిన జట్టులో ఆయనయు, ముందు చెప్పిన మాక్స్ గాన్‌యు ఇద్దఱును స్థానము పొందిరి. 2020లో క్లబ్బు ఆయనతో ఏడేండ్ల ఒప్పందము చేసికొన్నది. రెండేండ్లు గడచునప్పటికి ఆ జీతము బరువైనది. 2022 అక్టోబరులో, జీతములో కొంత భాగము తామే చెల్లించునట్లు ఒప్పుకొని, ఆయనను మెల్‌బోర్న్ క్లబ్బునకు పంపిరి. అదే అక్టోబరులో జాక్సన్ ఫ్రీమాంటిల్‌కు పోగా మెల్‌బోర్న్‌లో చోటు ఖాళీ యయ్యెను. గాన్ ప్రక్కన గ్రుండీ! కాగితముపై చూచిన నింతకంటె బలమైన జంట లేదు. కాని ఒక ఒరలో రెండు కత్తులు ఇముడునా? ఇద్దఱికిని నడిబొడ్డున ఎగురుటయే విద్య. కంబముల చెంత నిలుచుట గ్రుండీకి అబ్బలేదు. 2023లో ఆట కాలము సగము దాటిన పిదప ఆయనను పై జట్టునుండి తప్పించి, కేసీ అను క్రింది తరగతి జట్టులో ఆడించిరి. దేశపు మేటి జట్టులో నుండిన మనుష్యుడు!

ఈ విషయమున మేము గ్రుండీని తప్పుపట్టజాలము. గాన్‌ను అసలే పట్టము. మేటివానిని తెచ్చి రెండవవాని పీటపై కూర్చుండబెట్టుట తెచ్చినవారి లెక్కలోని లోపము. రెండవ స్థానమునకు మనుష్యుని తెచ్చునప్పుడు అతని ఎత్తును సెంటీమీటర్లలో కొలుచుటకు ముందు, “నీకు ఏడాదికి ఇన్ని ఆటలు దొరకును, అంతకు మించి మాట యియ్యలేము” అని విప్పి చెప్పవలెను. ఆ మాట విని వచ్చినవాడు నిలుచును. ఆశ చూపి తెచ్చినవాడు మఱుసటి అక్టోబరులో మూట కట్టును.

గ్రుండీ వెడలిపోయిన కాలింగ్‌వుడ్‌లో మిగిలినదెవరు? డార్సీ కామరన్. ఇతడు సిడ్నీలో ఒకే ఒక్క ఆట ఆడి, 2019 అక్టోబరులో మార్పిడిపై వచ్చి, ఇంతకాలము గ్రుండీ వెనుక నిలిచినవాడు. అతనికి తోడు మేసన్ కాక్స్, 211 సెంటీమీటర్ల అమెరికావాడు. విశ్వవిద్యాలయములో బాస్కెట్‌బాల్ ఆడి, ఈ యాటను పెద్దయిన తరువాత నేర్చినవాడు. 2023 సెప్టెంబరు 30న తుది పోటీలో బ్రిస్బేన్‌పై ఈ యిద్దఱే రక్‌మన్‌లుగా ఎగిరిరి. కాలింగ్‌వుడ్ నాలుగు పాయింట్ల తేడాతో గెలిచెను. పిమ్మట వచ్చిన అక్టోబరు బేరములలో గ్రుండీ సిడ్నీ క్లబ్బునకు మాఱెను. అక్కడ ఆయనకు ఇచ్చినది మొదటి స్థానము. 2024లో సిడ్నీ తుది పోటీ వఱకు వచ్చి, బ్రిస్బేన్ చేతిలో ఓడినది; నడిబొడ్డున ఆ దినమున ఎగిరినవాడు గ్రుండీయే.